ఎత్తబడుటకు ఒక సైగ

పిట్ట ఆ ఉద్యోగానికి వెళ్ళనన్నది దొంగకు భయపడి. ఆ దొంగను మా ఇంట్లోకి తెచ్చింది నేనేనని తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పిట్ట మా ఆయన చెల్లెలు. అసలు పేరు సర్టిఫికెట్లలో తప్ప ఎక్కడా వాడం. చిన్నప్పుడు సన్నగా, చురుగ్గా ఉండేదని పిట్ట అన్నారట. ఆ పిలుపు ఆమె ఎన్నడూ వినలేదు. పుట్టుకతోనే చెవులు వినపడవు. పెదవుల దగ్గర బొటనవేలూ చూపుడువేలూ కలిపి పక్షి ముక్కులా తెరిచి మూస్తే అదీ ఆమె పేరు. బధిరుల బడిలో ఎనిమిదో తరగతి వరకు చదివింది. అక్కడి సైగలు కొన్ని, మా ఇంట్లో పుట్టినవి కొన్ని కలిపి మేం మాట్లాడుకుంటాం. చదవడం వచ్చు గానీ పెద్ద పెద్ద వాక్యాలు వస్తే మధ్యలో ఆగి నా వైపు చూస్తుంది.

తొమ్మిదేళ్ళుగా వీధి చివరి టైలరు దగ్గర కాజాలు తీస్తోంది, హెమ్మింగు చేస్తోంది. కాజా ఆమె తీస్తే గుండీ తనంతట తానే వచ్చి దూరుతుందని టైలరు అందరికీ చెబుతాడు గానీ మిషను మీద మాత్రం కూర్చోనివ్వడు. అందుకే ఏడాది క్రితం ఆమే పట్టుబట్టి ఆసుపత్రులకు గౌన్లు, దుప్పట్లు కుట్టే ఒక సంస్థకు దరఖాస్తు పెట్టింది. బస్సులో నాలుగు గంటల దూరం. అక్కడి కుట్టు హాల్లో పనిచేసే నలభై మందీ వినపడని ఆడవాళ్ళే. పక్కనే హాస్టలు. బుధవారం ఉత్తరం వచ్చింది. సోమవారం లోపు సంతకం చేసి పంపాలి, లేకపోతే ఆ మిషను ఇంకొకరికి ఇస్తారు.

పిట్ట ఉత్తరం మూడుసార్లు చదివి, మడతలో మడత కలిసేలా మడిచి, నా చేతిలో పెట్టి తల అడ్డంగా ఊపింది.

"ఎందుకు?" అన్నాను చేత్తో.

చూపుడువేలు కొక్కెంలా వంచి చెంప మీదుగా లాగింది. దొంగ.

"ఏ దొంగ? హాస్టల్లోనా?"

"ఎక్కడైనా."

అత్తగారికి చెబితే ముందు వెళ్ళి బీరువా చూసుకుని వచ్చారు. "ఆ టైలరే ఏదో నూరిపోసి ఉంటాడు. కాజాలకు మనిషి దొరకదని వాడి ఏడుపు," అన్నారు. మా ఆయన, "దానికి ఇల్లు వదలడం భయం. ఊరికే ఒక వంక," అన్నారు. నాకు రెండూ అతకలేదు. పిట్ట వంకలు చెప్పే మనిషి కాదు. వంక చెప్పాలంటే నోరున్నవాళ్ళకున్న సుఖం ఆమెకు లేదు. ప్రతి అబద్ధాన్నీ చేతులతో కట్టాలి.

శుక్రవారం పొద్దున బట్టలు మడతపెడుతూ మళ్ళీ అడిగాను. పిట్ట ఈసారి విసుక్కుని, గోడ మీది క్యాలెండరు దగ్గరికి లాక్కెళ్ళి ఆదివారాలన్నీ వరసగా తట్టి చూపింది. తరవాత కుర్చీ తెచ్చి పక్కకు తిప్పి వేసుకుని, గడ్డం కాస్త ఎత్తి కూర్చుంది. చర్చిలో నేను కూర్చునేది సరిగ్గా అలాగే. పాస్టరుగారి మాటలు ఒక చెవిలో వేసుకుని ఆమెకు సైగల్లో అందిస్తూ. అచ్చం నా చేతులతో, నేను కళ్ళు పెద్దవి చేసే చోట కళ్ళు పెద్దవి చేస్తూ, చేసి చూపింది.

"దొంగ. వస్తాడు. ఎప్పుడో తెలియదు. బూర. మంచివాళ్ళు. ఎత్తుకుపోతాడు. మెలకువగా ఉండండి."

నా చేతిలో దుప్పటి జారిపోయింది.

పెళ్ళయిన కొత్తలో, నేను ఈ ఇంటి సైగలు నేర్చుకుంటున్న నెలలో, పాస్టరుగారి ప్రసంగంలో ఎత్తబడుట అన్న మాట వచ్చింది. ఆకాశంలో బూర మోగగానే ప్రభువు వచ్చి తనవాళ్ళను మేఘాల్లోకి తీసుకుపోవడం. నేను పుట్టింట్లో పాలతోపాటు తాగిన మాట అది. దానికి సైగ ఏమిటని మా ఆయనను అడిగితే, ఎడమ చంకలో ఏదో దోపుకుని పరుగెత్తినట్టు చేసి చూపారు. మా పెళ్ళికి ముందు డాబా మీద ఆరేసిన బట్టలు ఎవడో ఎత్తుకుపోయాడట. ఆ రోజు పుట్టిన సైగ. ఎత్తడం ఎత్తడమే కదా అనుకున్నాను. ప్రభువు దొంగ వలె వస్తాడన్న మాట వచ్చినప్పుడల్లా దొంగ అని చూపాను, వస్తాడు అని చూపాను. వలె అన్న రెండక్షరాలకు నా దగ్గర సైగ లేదు. మింగేశాను. ఏడేళ్ళుగా మింగుతూనే ఉన్నాను.

"మరి అందరూ పాటలు పాడుతున్నారు కదా, దొంగ వస్తాడంటే ఎవరైనా పాడతారా?" అన్నాను, తప్పు ఆమెదన్నట్టు.

"వినేవాళ్ళు దేనికైనా పాడతారు," అంది పిట్ట.

అప్పుడు మెల్లగా మొత్తం బయటపడింది. ఇక్కడైతే బూర మోగగానే వదిన భుజం మీద కొడుతుంది, ఇద్దరం మంచం కింద దాక్కోవచ్చు. ఆ హాస్టల్లో నలభై మందిలో ఒక్కరికీ వినపడదు. బూర ఊదింది ఎవరికి తెలుస్తుంది? కుట్టుకుంటూ కూర్చుంటే ఒక్కొక్కరినే చంకలో వేసుకుపోతాడు.

నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఆమె రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టి తప్పు నాదని ఒప్పుకున్నాను. దొంగ కాదు, ప్రభువు. ఎత్తుకుపోవడం కాదు, తీసుకువెళ్ళడం. దాక్కోవలసిన పని లేదు, ఎదురు చూడవలసిన పని. ఇదంతా చెప్పడానికి గంట పట్టింది. చివరికి ఆమె ముఖం విప్పారింది. పోనీలే, ఉత్తరం మీద సంతకం పెడుతుందనుకున్నాను.

పిట్ట కింద పడ్డ దుప్పటి తీసి మడతపెట్టింది. తిరిగి నా వైపు చూసేసరికి ముఖంలో మునుపటి కంటే ఎక్కువ దిగులుంది.

"దొంగ అయితే వినపడకపోయినా పోనీ. ప్రభువు అయితే?" అంది. "బూర ఊదుతాడు. మీరందరూ వింటారు. వెళ్ళిపోతారు. నేను అక్కడ గౌను కుడుతూ ఉంటాను. నాకు ఎవరు చెబుతారు?"

అబద్ధం చెప్పాలంటే నేనూ చేతులతోనే కట్టాలి.

ఆ సాయంత్రమే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాం. చర్చి వెనక ఆయన గదిలో గోడ పొడుగునా గుడ్డ మీద గీయించిన పటం ఉంటుంది. నీలం బాణం పైకి, ఎర్రరంగు గడులు ఏడు, తరవాత కిందికి తెల్ల బాణం. నేను సంగతి చెబితే ఆయన ముందు నా వైపు చూసి, "ఏడేళ్ళు దొంగ అని చెప్పావా తల్లీ!" అని కుర్చీలో వెనక్కి వాలి కడుపు పట్టుకుని నవ్వారు. తరవాత కర్ర తీసుకుని పిట్టకు ఓపికగా చూపించారు.

"ఇదిగో, మొదట ఇది. మృతులు ముందు లేస్తారు. ఆ తరవాత బతికున్న మనం. పైకి. ఈ ఏడేళ్ళు ఇక్కడ శ్రమలు, మనం అక్కడ విందులో. ఆ తరవాత ఆయనతో కలిసి దిగి వస్తాం."

పిట్ట బాణాలు రెండూ వేలితో తట్టింది. "రెండుసార్లు వస్తాడా?"

"మొదటిసారి మేఘాల దాకా, మన కోసం. రెండోసారి నేల దాకా, మనతో."

"కింద మిగిలేది ఎవరు?"

"సిద్ధపడనివాళ్ళు."

నా చేతులు సిద్ధపడని అన్నాయో, ఇంకేమన్నాయో! పిట్ట తన చెవి తట్టుకుని, "నాలాంటివాళ్ళా?" అంది.

"అయ్యో, కాదమ్మా, కాదు!" పాస్టరుగారు లేచి నిలబడ్డారు. "బూర సంగతి నువ్వు పెట్టుకోకు. నీ సంగతి ప్రభువు చూసుకుంటాడు."

పిట్ట చూసి, తల ఊపి, నాకు మాత్రమే కనపడేలా ఒడిలో చేతులు కదిపింది. "చూసుకుంటా అని టైలరు కూడా అంటాడు. పండక్కి ఇవ్వాల్సిన జాకెట్టు పండగైపోయాక ఇస్తాడు."

ఇది ఆయనకు అనువదించలేదు. ఒక్కోసారి మింగెయ్యడమే మేలు.

శనివారం మా మావయ్య ఇంటికి తీసుకెళ్ళాను. మా అమ్మ తమ్ముడు. నలభై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. ఇప్పటికీ శుభలేఖ ఇస్తే ముహూర్తం కంటే ముందు అచ్చుతప్పు చూస్తాడు. ఆయన వెళ్ళే చర్చి వేరు. మా పాస్టరుగారికీ ఆయనకూ ఒక పెళ్ళి భోజనాల బల్ల దగ్గర ఈ విషయం మీదే మాటామాటా వచ్చింది, పెరుగు వడ్డించేవాడు వీళ్ళిద్దరి మధ్యా గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆ పటం ఇంకా ఉందా?" అన్నాడు మావయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ. "మంచి మనిషే, కాదనను. కానీ మాట చూడకుండా బొమ్మ గీయించాడు. అసలు ఆ వాక్యంలో ఏముంది? ప్రభువును ఎదుర్కొనుటకు అని ఉంది. ఎదుర్కొనడమంటే ఏమిటే?"

"పోట్లాడటం," అన్నాను. "కష్టాల్ని ఎదుర్కొంటాం, శత్రువుని ఎదుర్కొంటాం."

"అది ఇవాళ్టి మాట. అప్పటి తెలుగులో చుట్టాన్ని ఎదుర్కొనేవాళ్ళు. అంటే ఎదురెళ్ళడం. నువ్వొస్తున్నావంటే నేను బస్టాండుకొచ్చి, నీ సంచి అందుకుని, ఇంటికి తీసుకొస్తాను. అంతే గానీ నువ్వు దిగిన బస్సెక్కి నీతో పాటు ఇంకో ఊరు పోతానా?"

లేచి హాల్లో చేసి చూపాడు కూడా. గుమ్మం దాకా నడిచి, చెయ్యెత్తి, ఎవరిదో సంచి అందుకుని, పక్కకు ఒదిగి దారి చూపుతూ వెనక్కి వచ్చాడు. పిట్ట చప్పట్లు కొట్టింది. నేను సైగ చెయ్యవలసిన పనే లేకపోయింది.

"అయితే ఒక్కసారే వస్తాడు?" అంది.

"ఒక్కసారే. శ్రమలు గిమలు అన్నీ అయ్యాక. మృతులు ముందు లేస్తారు, తరవాత మనం ఎదురెళ్ళి ఇక్కడికే తోడుకొస్తాం. ఇంకోటి చెప్పనా? ఒకరిని తీసుకుపోతారు, ఒకరిని విడిచిపెడతారు అంటారు చూడు, విడిచిపెట్టడమంటే అందరికీ గుండె దడ. దాని పైనేముంది? జలప్రళయం మాట. వరద ఎవర్ని తీసుకుపోయింది? చెడ్డవాళ్ళని. మిగిలింది ఎవరు? ఓడలో ఉన్నవాళ్ళు. మరి పోవడం మంచిదా, మిగలడం మంచిదా? వెళ్ళి మీ పాస్టరుగారిని అడుగు!"

పిట్ట ఆయన వైపూ నా వైపూ చూసింది. "నేనిప్పుడు పోవాలా, మిగలాలా?"

"పోవాలో మిగలాలో తరవాత. బూర మోగేది మాత్రం లోకమంతా వింటుంది," అన్నాడు మావయ్య జోరు మీద.

నేను చేతులు ఎత్తి, ఆగి, చివరికి ఉన్నదున్నట్టు చూపాను. పిట్ట తన చెవి మీద చెయ్యి పెట్టుకుంది. మావయ్య కళ్ళజోడు తీసి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళలో ఎవరి తప్పునూ వదలని మనిషి. తన నోట్లోంచి వచ్చిన ఈ ఒక్కదాన్ని ఎలా దిద్దాలో మాత్రం ఆయనకు తెలియలేదు.

ఆదివారం చర్చిలో నేను ఎత్తబడుట అన్న మాట రాకూడదని ప్రార్థన చేసుకున్నాను. రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పైకి అని మాత్రం చూపి చేతులు దించేశాను. పిట్ట కనుబొమలెత్తి, "తరవాత?" అంది. చేతులతో చెబితే ఇదీ చిక్కు. నోటి మాటను గాల్లో వదిలేసినా ఎవరూ అడగరు. చెయ్యి పైకి వెళ్ళాక ఎటో ఒకవైపు పోవాలి.

మధ్యాహ్నం పక్కింటి నర్సమ్మ అత్తగారి బీపీ చూడటానికి వచ్చింది. ఆసుపత్రి నుంచి రిటైరై చాలా కాలమైంది. పిట్ట కిటికీ దగ్గర టైలరు పంపిన చొక్కాలకు కాజాలు తీస్తోంది. సంతకం లేని ఉత్తరం బల్ల మీదే ఉంది. అత్తగారు ముందు రోజు సంగతి చెప్పి మొత్తుకుంటున్నారు.

"చూశావా నర్సమ్మా, ప్రభువును బస్సు దిగిన చుట్టాన్ని చేశాడు వీళ్ళ మావయ్య! సంచి కూడా మోయిస్తున్నాడు!"

"మాట్లాడకండి, రీడింగు పెరుగుతుంది," అంది నర్సమ్మ. గాలి వదిలేసి, పట్టీ విప్పుతూ, "మా చర్చిలో ఇవేవీ ఇలా లెక్క కట్టరు. ప్రభువు వెయ్యేళ్ళ పాలనా, ఈ మేఘాలూ, ఇవన్నీ పెద్ద సంగతుల్ని మనకు తెలిసిన బొమ్మల్లో చెప్పడం అంటారు మా ఫాదరు. నా వరకు నేను చూసింది చెబుతాను. వార్డులో ప్రభువు ఎవరికి వాళ్ళకే వస్తాడు. ఏ మంచానికి ఎప్పుడన్నది డాక్టరుకు కూడా తెలీదు."

"అంటే నీకు పునరుత్థానం లేదా?" అత్తగారు లేచి కూర్చున్నారు.

"ఎందుకు లేదు? చచ్చినవాళ్ళు లేస్తారు. అది లేకపోతే ఇంకేముంది? మిగతావే బొమ్మలన్నాను."

నేను పిట్టకు చెబుతూనే ఉన్నాను. మృతులు లేస్తారు అని చూపిన చోట ఆమె సూది ఆపింది.

"ఈమె కూడా అదే అంటోందా?"

"అవును."

"పాస్టరుగారు కూడా. మావయ్య కూడా. చచ్చినవాళ్ళు ముందు."

"అవును. అందరూ అదే."

"ఎలా లేస్తారు?"

"బూర మోగగానే."

పిట్ట చొక్కా పక్కన పెట్టింది. చాలా నిదానంగా, నేను చిన్నపిల్లనైనట్టు, అడిగింది.

"నాన్న భూమిలో ఉన్నాడు. పదకొండేళ్ళు. నాన్నకు చెవులు ఉన్నాయా ఇప్పుడు?"

తల అడ్డంగా ఊపాను.

"చెవులు లేవు. అయినా వింటాడు. మీ అందరి కంటే ముందు వింటాడు." చూపుడువేలితో మా ముగ్గురి చెవులూ వరసగా చూపించి, ఆ చెవులేమీ గొప్ప కాదన్నట్టు చెయ్యి విదిలించింది. "అయితే ఆ బూర చెవులకు ఊదేది కాదు."

అని నవ్వింది. పిట్ట నవ్వితే గొంతులోంచి పెద్ద చప్పుడు వస్తుంది, అది ఆమెకు తెలియదు. అత్తగారు కంగారుపడి, "ఏమంటోంది? ఏమంటోంది చెప్పవే!" అన్నారు. నేను చెప్పాను. మామగారి మాట అత్తగారు రెండుసార్లు చెప్పించుకున్నారు. నర్సమ్మ పట్టీని చుట్టలు చుట్టి పెట్టెలో పెడుతూ, "నలభై మంది చదువుకున్నవాళ్ళు కూర్చున్నా ఈ మాట తోచదు," అంది.

నన్ను అడిగితే, ఇద్దరు పెద్దమనుషులకూ నాకూ మూడు రోజులుగా కళ్ళ ముందే ఉంది. మేం బాణాలు చూశాం, బస్టాండు చూశాం. ఆమె వరస చూసింది. ఎవరు ముందు, ఎవరు తరవాత. కాజా తీసేవాళ్ళకు అదే పని కాబోలు, ముందు కోత, తరవాత కుట్టు.

పిట్ట ఉత్తరం తీసుకుని సంతకం పెట్టింది. పెట్టాక, కలం మూత పెడుతూ నన్ను అడిగింది. "పైకి వెళ్ళి ఉండిపోతామా, తోడుకుని కిందికి వస్తామా? నువ్వు చెప్పు. నీకేమనిపిస్తుంది?"

ఏడేళ్ళలో ఆమె నన్ను పాస్టరుగారు ఏమన్నారని అడిగింది గానీ నాకేమనిపిస్తుందని ఎప్పుడూ అడగలేదు. తెలియదన్నాను. మావయ్య మాట బాగుందని, పాస్టరుగారి పటం చిన్నప్పటి నుంచి అలవాటైందని, రెంటి మధ్యా నా చెయ్యి ఇలా గాల్లోనే ఉందని చూపాను. ఆమె నా చేతిని పట్టుకుని చూసి, "బాగుంది, అలాగే ఉంచు," అంది.

సోమవారం ఉత్తరం పోస్టు చేశాం. ఆ తరవాత వారం ఆమెను బస్సెక్కించాం.

మూడు వారాలకు ఒక మధ్యాహ్నం వీడియో కాల్ చేసింది. భోజనాల విరామం. వెనక పొడుగాటి బల్లలు, వరసగా మిషన్లు. మిషను ఎలా ఉందంటే ఒక్క ముక్కలో బాగుందని తేల్చేసి, అసలు విషయానికి వచ్చింది. అక్కడ అయిదారు రకాల చర్చిలవాళ్ళున్నారట. ఎత్తబడుటకు నాలుగు సైగలున్నాయట. నాలుగూ చేసి చూపింది. ఒకటి రెక్కలు విప్పినట్టు, ఒకటి చెయ్యి పట్టి లేపినట్టు, ఒకటి మా పాస్టరుగారి బాణం. నాలుగోది నాకు సరిగా అందలేదు.

"ఇక్కడ పోట్లాట అది కాదు," అంది. "పైనో కిందో, ఎక్కడో ఒక చోట అందరం కలుస్తాం కదా. అప్పుడు మాకు చెవులు వచ్చి మీలాగ నోటితో మాట్లాడతామా, మీరందరూ చేతులతో మాట్లాడటం నేర్చుకుంటారా? సగం మంది చెవులు కావాలంటున్నారు. సగం మంది వద్దంటున్నారు. అడిగి చెప్పు."

అడిగాను. పాస్టరుగారు పటం దగ్గరికి వెళ్ళి, అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసి, "ఇది నాకు తెలియదమ్మా, నిజంగా తెలియదు," అన్నారు. కుంటివాడు గంతులు వేస్తాడు, చెవిటివాడు వింటాడు అన్న వాగ్దానాలున్నాయి గానీ, వద్దన్నవాళ్ళ సంగతి ఎవరూ ఆయనను అడగలేదట. మావయ్య మూడు నిఘంటువులు తిరగేసి, రెండు రోజులు గడువడిగి, మూడో రోజు ఫోను చేసి, "పరలోకంలో భాష ఏదో ఎక్కడా రాసి లేదే," అన్నాడు. ఆ గొంతులో ఓడినట్టు లేదు, కొత్త పుస్తకం దొరికినట్టుంది.

మరుసటి రోజు విరామం వేళకు నేనే కాల్ చేసి పిట్టకు చెప్పాను. "ఇద్దరికీ తెలియదు."

"ఇద్దరికీనా?" కళ్ళు పెద్దవి చేసింది. గిర్రున వెనక్కి తిరిగి, బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. ఆ అదురుకు తలలన్నీ ఇటు తిరిగాయి. వాళ్ళకు చెప్పింది. ఒక్కసారిగా పది మంది చేతులు లేచాయి, ఆ వెనక ఇంకో పది. ఎవరో నిలబడ్డారు. ఎవరో ఇంకొకరి మోచెయ్యి పట్టి ఆపి తన మాట ముందు చూడమంటున్నారు. పిట్ట ఫోను సంగతి మరిచిపోయి దాన్ని దారపు కండెకు ఆనించి వాళ్ళ మధ్యలోకి వెళ్ళిపోయింది.

బడి సైగలు, వాళ్ళ వాళ్ళ ఇళ్ళ సైగలు, ఆ హాల్లో కొత్తగా పుట్టినవి, అన్నీ కలిసి అంత వేగంలో నాకు ఒక్క ముక్కా అందలేదు. నాకు చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. ఫోను పెట్టెయ్యకుండా, ఎటు నుంచి ఎటు వెళుతుందో ఆ మాట అని చూస్తూ కూర్చున్నాను.